ఆపరేషన్ ఊదరాదు

"మాడ్యూల్ పోయింది," అన్నాడు చీఫ్. "పట్టుకెళ్లింది నెమలి."

పాతకాపు కుర్చీలో కూలబడ్డాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ పిలిచే పేరు అదే. నెమలి అనే ఆ ఏజెంటుకి ఓనమాలు నేర్పింది, పూచీ నాదని ఉద్యోగంలో పెట్టించింది అతనే. ఇప్పుడు ఆ పిల్ల విదేశీ ముఠాకి అమ్ముడుపోయిందట. ఛీ, ఏం బతుకు ఇది అనిపించింది.

మాడ్యూల్ అంటే బొటనవేలంత మెమరీ ముక్క. గూఢచారుల రేడియోకి అదే ప్రాణం. స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా, ఏజెంటే చీకట్లో తడుముకుని మార్చుకునేలా తయారుచేశారు. అందులోని కోడ్‌తోనే సరిహద్దు అవతల ఏజెంటుగా ఉన్న పాతకాపు బావమరిది మాట్లాడతాడు. కోడ్ బయటపడితే వాడి ఆచూకీ దొరికిపోతుంది. ఇంట్లో ఆవిడకి తమ్ముడంటే పంచప్రాణాలు.

"హోటల్లో బేరం. లిఫ్ట్ మెకానిక్ వేషంలో వెళ్లు. మనవాళ్లు వెనకే వస్తారు," అన్నాడు చీఫ్.

గుమ్మం దగ్గర మాడ్యూల్ డిజైనర్ ఆపింది.

"ఒక్క మాట సార్. మీ ఏజెంట్లందరికీ మాడ్యూల్ పెట్టేముందు ఉఫ్ మని ఊదే జబ్బుంది. ఎంత మొత్తుకున్నా వినరు. ఆ తడికి పిన్నులు పాడై కోడ్ తప్పుతోంది. అందుకే ఈసారి ఊపిరి తగిలితే అంతా చెరిగిపోయేలా పెట్టాను. తప్పుడు కోడ్ పలకడంకంటే మూగబోవడం నయం."

"నెమలికి తెలుసా?"

"మీటింగ్ పెట్టి చెబుదామనుకున్నా. ఎవరూ రాలేదు."

హోటల్ గదిలో అడుగుపెట్టగానే అతని కణతకి పిస్తోలు ఆనింది.

"లిఫ్ట్ అవతలుంది గురువుగారూ," అంది నెమలి. పట్టుగౌను, ముత్యాల హారం, మనిషి ఎక్కడా చెక్కుచెదరలేదు. "మీ మోకాళ్ల నొప్పిని ఏ వేషమూ దాచలేదు."

"ఎందుకమ్మా ఇదంతా?"

"మీలా అరిగిపోవడం ఇష్టంలేక."

అతనికి కోపం రాలేదు. ఆ మాటలో అబద్ధమేమీ కనిపించలేదు మరి.

కొనడానికొచ్చిన విదేశీయుడు ల్యాప్‌టాప్‌కి రీడర్ తగిలించి, "ముందు కోడ్ చూపించు," అన్నాడు. నెమలి మాడ్యూల్‌ని రీడర్ దాకా తెచ్చింది. ఊదలేదు.

"పిన్నులకి దుమ్ము పట్టిందేమో చూసుకో," అన్నాడు పాతకాపు నీరసంగా. "నీకెన్నిసార్లు చెప్పాను?"

విసుగ్గా చూసింది. కానీ అతను నేర్పిన అలవాటు ఊరుకుంటుందా? పెదాలు వాటంతటవే గుండ్రంగా తిరిగాయి. ఉఫ్.

మాడ్యూల్ మీద ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది. ల్యాప్‌టాప్ తెర ఖాళీ. ఈలోగా మనవాళ్లు తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చారు. సంకెళ్లు వేస్తుంటే నెమలి అతనివైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు. గెలిచినట్టేమీ అనిపించలేదు. బావమరిది బతికాడు, అంతే చాలు.

సాయంత్రం ల్యాబ్‌లో డిజైనర్ ఇంకో మాడ్యూల్ అతని చేతిలో పెట్టింది. "మీ బావమరిదితో ఓసారి మాట్లాడండి. ఇంట్లో ఆవిడ కూడా కుదుటపడతారు."

అతను రేడియో మూత తీసి, తడుముకుని, మాడ్యూల్‌ని లోపలికి నొక్కేదాకా డిజైనర్ తన అరచేతిని అతని నోటికి అడ్డం పెట్టే ఉంచింది.