పట్టని మూత

కోమటిచెరువు కట్ట మీద మహేందర్ చనిపోయిన పొద్దున అక్కడ చాలామందే ఉన్నారు. అందరూ అతన్ని చూశారు. ఏం జరిగిందో మాత్రం ఒక్కరూ చూడలేదు.

నీలం ట్రాక్ సూట్‌లో అతను మామూలుగానే వాకింగ్ చేస్తున్నాడు. మొహానికి స్కార్ఫ్ కట్టుకున్న ఒకామె ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చి భుజం తగిలించింది. "సారీ" అంది. ఆగకుండా వెళ్లిపోయింది. మహేందర్ కొంచెం దూరం నడిచి, రెయిలింగ్ పట్టుకుని, నెమ్మదిగా కూర్చుండిపోయాడు. ఎవరో నీళ్లు తెచ్చేసరికి తల వాలిపోయింది.

గుండెపోటన్నారు. దవాఖానలో అతని కుడి పిడికిలి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. లోపల ఒక గులాబీ రంగు ప్లాస్టిక్ మూత ఉంది. పౌడర్ డబ్బా మూత. ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. రాకుండా చూసినవాళ్లున్నారు.

*

సికింద్రాబాద్‌లో ఒక పాత మేడ మీద ట్రావెల్స్ ఆఫీసు ఉంది. అక్కడ ఇంతవరకూ ఎవరూ టికెట్ కొనలేదు. లోపలి గదిలో చీఫ్ స్వరాజ్యలక్ష్మి ఆ మూతను టేబుల్ మీద బొంగరంలా తిప్పి వదిలింది.

"మహేందర్ మనోడు. సిద్దిపేటల ప్లాస్టిక్ ఫ్యాక్టరీల మౌల్డ్ డిజైనర్‌గ పెట్టినం. భుజం మీద సూది గుర్తు దొరికింది. గుండెపోటు కాదు."

ఎదుటి కుర్చీలో ఏజెంట్ శైలజ మూతను చేతిలోకి తీసుకుంది. "పోయే ముందు ఏమన్న చెప్పిండా మేడం?"

"ఒక్క మెసేజ్. 'మూత పట్టడం లేదు.' అంతే. కోడ్ సెక్షనోళ్లు అక్షరాలు తిప్పి చూసిన్రు, అంకెలు చేసి చూసిన్రు. ఏం తేలలే."

చీఫ్ విషయం క్లుప్తంగా చెప్పింది. ఒక రక్షణ ల్యాబ్ నుంచి క్షిపణి గురిని నడిపే సాఫ్ట్‌వేర్ దొంగతనమైంది. గోరంత మెమరీ కార్డులో ఉంది. మాగ్నోలియా అనే విదేశీ ముఠా దాన్ని దేశం దాటించబోతోంది. దాటితే, మనం వదిలే ప్రతి క్షిపణి ఎటు తిరుగుతుందో అవతలివాడికి ముందే తెలిసిపోతుంది.

"పౌడర్ డబ్బాల దాటిస్తరని మా అనుమానం. దుబాయ్ పోయేటోళ్ల సంచుల పౌడర్ డబ్బా ఉంటే ఎవడు పట్టించుకుంటడు? నువ్వు దుబ్బాక పిల్లవు. టూల్ డిజైన్ చదివినవు. మహేందర్ కుర్చీ ఖాళీగున్నది."

"గాడ మనోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?"

"ఒకరున్నరు. పేరు చెప్ప. ఆ మనిషే నీకు కోడ్ చెప్తది. 'ఈ పౌడర్ మల్లె వాసనా?' అని అడిగితే 'కాదు, మొగలి' అనాలె."

"మహేందర్‌కు కూడ గీ కోడ్ తెలుసు కద. మార్చరాదా?"

"మార్చాల్నంటే ఆ మనిషికి కబురు పంపాలె. పంపితే ఆ మనిషి బయటపడ్తది. అందుకే మార్చలే." చీఫ్ డ్రాయర్ లోంచి ఒక డిజిటల్ వెర్నియర్ కాలిపర్ తీసి ఇచ్చింది. కొలతలు తీస్తుంది. జీరో బటన్ రెండుసార్లు నొక్కితే ఫొటో తీసి నేరుగా హెడ్‌క్వార్టర్స్‌కు పంపుతుంది.

"ఎవరిని నమ్మాలె మేడం?"

"ఎవ్వరిని నమ్మకు. నన్ను కూడ అవసరమున్నంత మట్టుకే."

*

మెదక్ రోడ్డు మీద ప్రమీలా ప్లాస్టిక్స్. ఓనర్ రాంచందర్‌ది రాయపోల్ దిక్కు పెద్ద వ్యవసాయ కుటుంబం. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఒకటి వ్యాపారానికి, ఒకటి రాజకీయానికి.

"మంచిగైంది బిడ్డా, నువ్వు జెల్ది వచ్చినవు. మేఘమాల పౌడరోళ్లది పెద్ద ఆర్డర్. మూత కాడ ఆగింది. చెయ్యి, కానీ గా అయిదో కేవిటీ జోలికి మాత్రం పోకు. రిషిత మేడం చెప్తేనే ముట్టాలె."

అచ్చులో ఒక్క దెబ్బకు ఎనిమిది మూతలు పడతాయి. ఎనిమిది గుంటలు, ఎనిమిది కేవిటీలు. ఏడింటిని ముట్టుకోవచ్చు, ఒక్కదాన్ని ముట్టుకోకూడదు. శైలజ తలూపింది. మనసులో రాంచందర్ పేరు కింద ఒక గీత గీసుకుంది.

రెండో గీత అతని భార్య కింద పడింది. ప్రమీలాదేవి మధ్యాహ్నం వేళ భర్తకు అన్నం తెచ్చి, తిరిగి వెళ్లకుండా ఫ్యాక్టరీ అంతా తిరుగుతుంది. శైలజ చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె శైలజ బ్యాగులో చెయ్యి పెట్టి ఉంది.

"ఏం దేవుతున్నరు అమ్మా?"

ప్రమీలాదేవి తడబడలేదు. "సూది ఉందేమోనని చూస్తున్న. జాకెట్ హుక్కు ఊడింది."

సూది. శైలజకు మహేందర్ భుజం మీది గుర్తు జ్ఞాపకం వచ్చింది. "నా దగ్గర లేదు" అంది.

"ఉండకపోతే మంచిదే" అని ఆమె బ్యాగు జిప్పు వేసి మరీ వెళ్లింది.

ఇక రిషిత. మేఘమాల డిజైన్ హెడ్. ముంబయి నుంచి వచ్చింది. ఆమె షాప్ ఫ్లోర్ మీద అడుగు పెడితే మెషిన్ ఆపరేటర్లు మెషిన్ ఆపడం మర్చిపోయేవాళ్లు. లినెన్ సూటు, పొట్టి జుట్టు, మెరుపులాంటి నవ్వు.

"శైలజా, నాకు ప్రీమియం ఫీల్ కావాలి. మూత చేతిలో బరువుగా ఉండాలి. క్లిక్ అని పడాలి. ఓకే?"

"ష్రింకేజ్ ఎంత వదిలిన్రు మేడం, ఒరిజినల్ డ్రాయింగ్‌ల?"

రిషిత నవ్వింది. "అవన్నీ నువ్వు చూసుకో డియర్."

ప్లాస్టిక్ వేడిగా అచ్చులోకి వెళ్లి, చల్లారి కుంచించుకుంటుంది. ఆ కుదింపు లెక్క వేయని డిజైనర్ ఉండడు. ఉప్పెంత అని అడిగితే వంట మనిషి నవ్వి ఊరుకున్నట్టుంది. మూడో గీత అన్నిటికన్నా లావుగా పడింది.

మరునాడు కరెంటు పోయి మెషిన్లు ఆగాయి. అందరూ టీకి బయటికి వెళ్లారు. శైలజ తెరిచి ఉన్న అచ్చు ముందు వంగి, మూత లోపలి ఆకారాన్ని ఇచ్చే అయిదో కేవిటీ కోర్‌కు కాలిపర్ పెట్టింది. మిగతా ఏడింటిలో లేని ఒక మెట్టు అందులో ఉంది. అంటే ఆ మూతకు మాత్రం పై కప్పుకూ లోపలి బిళ్లకూ మధ్య ఒక చిన్న అర ఏర్పడుతుంది. గోరంత కార్డు పట్టేంత అర. బయటి నుంచి చూస్తే ఎనిమిది మూతలూ ఒకేలా ఉంటాయి.

ఆమె అయిదో నంబర్ మూత ఒకటి తీసి డబ్బాకు పెట్టి నొక్కింది. లోపలి బిళ్ల కిందికి దిగడంతో డబ్బా అంచుకు తగిలి మూత పైకి తేలింది. ఎంత నొక్కినా పట్టలేదు.

'మూత పట్టడం లేదు.'

అది కోడ్ కానే కాదు. మహేందర్ ఉన్నమాటే రాశాడు.

ఆమె జీరో బటన్ రెండుసార్లు నొక్కింది.

*

ఆ సాయంత్రం రిషిత శైలజను కాఫీకి పిలిచింది. కోమటిచెరువు పక్కనే. కప్పు అంచు మీదుగా చూస్తూ, మెల్లగా అడిగింది.

"ఈ పౌడర్ మల్లె వాసనా?"

శైలజ కప్పు కింద పెట్టింది. "కాదు, మొగలి."

"థాంక్ గాడ్!" రిషిత ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇన్ని రోజులూ ఒంటరిగా చచ్చాను. రాంచందర్ వాళ్ల మనిషే. నా దగ్గర ప్రూఫ్ ఉంది. కానీ అయిదో మూత సరిగ్గా పట్టేదాకా వాళ్లు కార్డు బయటికి తియ్యరు. నువ్వు ఆ మూత ఫిట్ అయ్యేలా చెయ్యి. కార్డు పెట్టగానే పట్టుకుందాం."

వినడానికి బాగుంది. అన్నీ అతుకుతున్నాయి. శైలజ నమ్మడానికి సిద్ధమైపోయింది కూడా. అప్పుడు రిషిత చెరువు వైపు చూసి నిట్టూర్చింది.

"పాపం మహేందర్. చేతిలో ఆ మూత పట్టుకునే పోయాడు."

శైలజ కాఫీ పూర్తిగా తాగింది. గదికి వచ్చి తలుపు వేసి చీఫ్‌కు ఫోన్ చేసింది.

"మహేందర్ చేతిల మూత ఉన్న సంగతి రెండో మనిషికి చెప్పిన్రా?"

"ఎట్ల చెప్త? కబురు పంపే తొవ్వే లేదంటి కద."

"అయితే రిషిత మన మనిషి కాదు. మహేందర్ దగ్గరనే కోడ్ లాగింది. ఆ చేతిల మూత చూసిందంటె, ఆ పొద్దున భుజం తగిలించింది కూడ ఆమెనే."

అవతల ఫైలు తిరగేసిన చప్పుడు. "రిషితనా? మా ముంబయి ఆఫీసుకు రెండుమూడు సార్లు సమాచారం అమ్మింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిందన్నట్టు. ఇప్పుడే పట్టుకుంటే కార్డు మాయమైతది శైలజా. కార్డు బయటికి రావాలె. మూత పట్టేటట్టు చెయ్యి."

దేశం కోసం దేశద్రోహుల మూత బిగించాలి. శైలజ ఆ రాత్రంతా అటూ ఇటూ దొర్లి, తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. మూత పట్టాలి. కానీ పట్టి ఉండకూడదు.

ఆమె అయిదో కోర్ కొత్తగా చెక్కించింది. లోపలి బిళ్లను పైకి జరిపింది. డబ్బా మెడను బయటి నుంచి కరిచి పట్టే నొక్కు తీసేసింది. డబ్బా మూతిలోకి దిగే కట్టును మాత్రం మందంగా పెట్టింది. ప్లాస్టిక్ ఎంత మందమైతే అంత ఎక్కువ కుంచించుకుంటుంది. అచ్చులోంచి తీసిన పూట ఆ మూత టక్కున పడుతుంది. ఒక రోజు గడిస్తే కట్టు సన్నబడి వదులవుతుంది.

ట్రయల్ నాడు రిషిత స్వయంగా మూత నొక్కింది. క్లిక్. ఇంకోసారి. క్లిక్.

"పర్ఫెక్ట్!" అని శైలజను కౌగిలించుకుంది. ఆ భుజం తన భుజానికి తగిలినంతసేపూ శైలజ ఊపిరి తీసుకోలేదు.

*

మరునాడు మధ్యాహ్నం రిషిత శాంపిల్ డబ్బాల పెట్టెతో కారెక్కి హైదరాబాద్ వెళ్లిపోయింది. చీఫ్ మనుషులు రెండు బండ్లలో వెంబడించారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డ శైలజకు చీఫ్ ఫోన్ చేసింది.

"కారు ఆపినం. లోపల ఉన్నది రిషిత కాదు. అవే బట్టలు, అదే జుట్టు, వేరే మనిషి. డబ్బాలన్ని ఉత్తయే."

అప్పుడే ఒక స్కూటీ వచ్చి ఆమె ముందు ఆగింది. ప్రమీలాదేవి.

"బిడ్డా, ఈ పౌడర్ మల్లె వాసనా?"

శైలజ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇదే ప్రశ్న మొన్న ఇంకో నోటి నుంచి విన్నది. ఇదే మనిషి తన బ్యాగులో చెయ్యి పెట్టింది. చివరికి అంది: "కాదు, మొగలి. కానీ మిమ్ముల నేనెట్ల నమ్మాలె?"

"నమ్మకు. నేను గూడ నిన్ను మొదటి నుంచి నమ్మలే. గందుకే నీ బ్యాగుల సూది దేవిన. తర్వాత నువ్వు గా రిషితతోని కాఫీలు తాగుతుంటె ఇంక నమ్మలే. మీ చీఫ్, నేను హాస్టల్ల ఒక్క రూముల ఉన్నం. అది చెప్పినా నువ్వు నమ్మవు. ఇద్దరం నమ్మకుంటనే పోదాం పా. అది నా కండ్ల ముందట్నే ఆటో ఎక్కి స్టేషన్ దిక్కు పోయింది."

శైలజ స్కూటీ ఎక్కింది.

సిద్దిపేట స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలు కదలడానికి సిద్ధంగా ఉంది. ప్లాట్‌ఫాం నిండా జనం. పిల్లలు, సంచులు, పెళ్లికి పోయేవాళ్లు. పొట్టి జుట్టు ఎక్కడా లేదు. లినెన్ సూటు లేదు. ప్రమీలాదేవి పెట్టెలు ఒక్కొక్కటే తొంగి చూస్తోంది. గార్డు జెండా తీశాడు.

శైలజ కిందికి చూసింది. నల్లరాయి గచ్చు మీద సన్నటి తెల్లని గీత. మెట్ల దగ్గర మొదలై, జనం కాళ్ల మధ్య నుంచి వంకరగా సాగి, మూడో పెట్టె దాకా పోయింది. వంగి వేలితో తీసి వాసన చూసింది.

పౌడర్!

ఆ గీత చివర ఒక ముసలవ్వ. నెరిసిన జుట్టు, వంగిన నడుము, చేతికర్ర, చంకలో చేనేత తువ్వాళ్ల మూట. మూట కొసల నుంచి తెల్లగా రాలుతోంది. అవ్వ మెట్టు మీద కాలు పెట్టింది. రైలు కదిలింది.

శైలజ పరుగెత్తింది. మూట పట్టుకుని గుంజింది. అవ్వ గిరుక్కున తిరిగింది. ఆ కళ్లకు వయసు లేదు. కర్ర పిడి ఊడి కింద పడింది. కర్ర చివర సూది మెరిసింది. శైలజ మెడకు జానెడు దూరం. బెత్తెడు దూరం.

ఆ మణికట్టును వెనక నుంచి ప్రమీలాదేవి రెండు చేతులా పట్టి విరిచింది. ముగ్గురూ కలిసి ప్లాట్‌ఫాం మీద పడ్డారు. విగ్గు దొర్లిపోయింది. సూది పట్టాల మీదికి ఎగిరింది. రైలు వెళ్లిపోయింది.

మూటలో ఒకే ఒక్క డబ్బా. శైలజ బొటనవేలు తగిలించగానే మూత ఊడి వచ్చింది. లోపలి బిళ్ల వెనక అరలో గోరంత నల్ల కార్డు.

రైల్వే పోలీసులు బేడీలు వేస్తుండగా రిషిత పౌడర్ అంటిన మొహంతో, అప్పటికీ అందంగానే, శైలజను చూసింది. "క్లిక్ అని పడింది కదా!"

"పడ్డది. పడి ఉండాల్నని మీరు చెప్పలే మేడం."

*

కార్డు ఆ సాయంత్రమే చీఫ్ చేతికి చేరింది. మరునాడు శైలజ తన సామాను తీసుకోవడానికి ఫ్యాక్టరీకి వెళ్లింది. రాంచందర్ రెండు ఫోన్లూ టేబుల్ మీద విసిరేసి కూర్చున్నాడు. పక్కన ప్రమీలాదేవి అన్నం వడ్డిస్తోంది.

"మేఘమాలోళ్లు ఫోను ఎత్తుతలేరు. ఆర్డర్ పోయింది. ఎందుకో తెలుసా? నువ్వు చేసిన మూతల నుంచి పౌడర్ కారుతుందట, మా ప్రమీల కండ్లార చూసిందట! గంత చదువు చదివి ఒక డబ్బాకు మూత పెట్టరాదా బిడ్డా నీకు? రేపటి నుంచి పనికి రాకు."

"తప్పైంది సార్" అంది శైలజ.

ప్రమీలాదేవి తలెత్తకుండా ఇంకో గరిటె పప్పు వేసింది.

"నేను మొదలే చెప్పిన. గీ పిల్లను నమ్మకుండ్రి అని."