స్క్రూ మీది బొట్టు

సుధాకరన్ శవం తెల్లవారుజామున కురుచికుప్పం జాలరిపేట రాళ్ల దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తల వెనక దెబ్బ ఉంది. రాళ్లకు తగిలి ఉంటుందన్నారు జనం.

ఇన్‌స్పెక్టర్ ఫణిధర్ కూడా మొదట అలాగే అనుకున్నాడు. సాయంత్రానికల్లా మెకానిక్ అబ్బులును తెచ్చి లాకప్‌లో వేశాడు.

కేసు పైకి తేలికే. ఆయుధపూజ అయ్యాక సుధాకరన్ చేపల బోటు వేటకు వెళ్లడం అదే మొదలు. ఎక్కింది ఇద్దరే. ఓనర్ సుధాకరన్, అతని బావమరిది నరేంద్రన్. నడిసముద్రంలో జనరేటర్ ఆగి లైట్లన్నీ ఆరిపోయాయట. డీజిల్ లైన్‌లో గాలి చేరిందని నరేంద్రన్ కిందికి దిగాడట. గాలి తీసి, స్టార్ట్ చేసి పైకొచ్చేసరికి బావ డెక్ మీద లేడట. లైట్లు ఆరడం, మళ్లీ వెలగడం దూరాన ఉన్న బోటువాళ్లూ చూశారు.

పూజకు ముందు రోజు జనరేటర్ డీజిల్ ఫిల్టర్ మార్చింది అబ్బులే. గాలి సరిగ్గా తీయకుండా వదిలేశాడని, ఆ చీకట్లోనే బావ జారిపడ్డాడని నరేంద్రన్ కంప్లయింట్ ఇచ్చాడు.

"నా సేత్తో తీశానండి బాబూ. ఒక్క బుడగ లేకుండా డీజిల్ కారేదాకా పంపు కొట్టాను," అన్నాడు అబ్బులు.

అతనిది యానాం. ఫణిధర్‌దీ యానామే. సొంతూరివాణ్ణి వెనకేసుకొచ్చాడన్న మాట పడకూడదని ఫణిధర్ మరీ బిగుసుకుపోయాడు. అబ్బులు భార్య నాగకుమారి అన్నం క్యారియర్‌తో స్టేషన్ మెట్ల మీదే కూర్చుంది. ఆమె ముందు నుంచి నడవాలంటే అతనికి మొహం చెల్లడం లేదు.

మర్నాడు డాక్టర్ ఫోన్ చేశాడు. దెబ్బ రాయిది కాదట, ఇనుముదట. నీళ్లలో పడకముందే తగిలిందట. జారి బోటు కడ్డీకి కొట్టుకుందో, ఎవరైనా కొట్టారో చెప్పలేనన్నాడు.

ఫణిధర్ నేరుగా హార్బర్‌కు వెళ్లి జనరేటర్ రూమ్‌లోకి దిగాడు. టార్చ్ వేసి చాలాసేపు చూశాడు. తర్వాత అబ్బులును, నరేంద్రన్‌ను, సుధాకరన్ భార్య జయంతిని అక్కడికే పిలిపించాడు. నరేంద్రన్ ఆమెకు సొంత తమ్ముడు.

"ఆ రాత్రి గాలి ఎలా తీశావు?" నరేంద్రన్‌ను అడిగాడు ఫణిధర్.

"ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టినా సార్. బుడగలు పోయినంక బిగించినా."

"ఈ స్క్రూయేనా?"

"అది ఒకటే ఉండేది."

"ఇది తిప్పకుండా స్టార్ట్ కాదా?"

"యాడ అవుతుంది సార్? గాలి ఉంటే దగ్గి దగ్గి ఆగిపోతుంది."

ఫణిధర్ టార్చ్ వేశాడు. స్క్రూ తల మీద చందనం, కుంకుమ బొట్టు. ఎండి పెచ్చుకట్టి, పక్కనున్న ఫిల్టర్ మూత మీదికి కూడా పరుచుకుంది. వెంట్రుకవాసి పగులు లేదు. ఆయుధపూజ తర్వాత ఊళ్లో బొట్టు లేని మెషీన్ ఉండదు. అందుకే మొదటిరోజు అతను దాన్ని చూసీ చూడలేదు.

"స్పానర్ పెట్టి తిప్పి ఉంటే ఇది రెండు ముక్కలయ్యేది. స్క్రూ ఎవరూ ముట్టలేదు. అయినా జనరేటర్ మళ్లీ స్టార్ట్ అయింది. అంటే గాలి చేరనే లేదు. పక్క బోటుకు కనబడకూడని పని కోసం నువ్వే చేత్తో ఆపావు."

నరేంద్రన్ గబుక్కున అందుకున్నాడు.

"అది కొత్త బొట్టు సార్. అక్క నిన్న బోటుకు వచ్చింది. మళ్లీ పెట్టి ఉంటాది. చెప్పక్కా."

అందరూ జయంతి వైపు తిరిగారు. ఆమె అవునంటే తమ్ముడు బయటపడతాడు, అబ్బులు జైలుకు పోతాడు. కాదంటే పుట్టింట మిగిలిన ఒక్క మగదిక్కూ పోతుంది.

ఆమె నుదురు బోసిగా ఉంది.

"పూజనాడు పెట్టిందే అది. మీ బావ చల్లగా తిరిగి రావాలని పెట్టినా. ఇంక బొట్టు పెట్టే చెయ్యి నాకు యాడుందిరా?"

నరేంద్రన్ ఒప్పుకున్నాడు. చేపల అరలో తను దాచిన దొంగ బ్రాందీ కేసులు బావ కంటబడ్డాయట. బోటు వెనక్కి తిప్పి పోలీసులకు చెప్తానన్నాడట. అందుకే జనరేటర్ ఆపి, చీకట్లో ఇనుప రాడ్‌తో కొట్టి నీళ్లలోకి తోశాడట. చెప్పినంతసేపూ నరేంద్రన్ అక్క వైపు చూడలేదు.

ఫణిధర్ అబ్బులు బేడీలు తనే విప్పాడు.

కానిస్టేబుల్ ఎవిడెన్స్ కోసం ఫిల్టర్ విప్పబోయాడు. జయంతి గబగబా ముందుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. తమ్ముడు ఆశగా తలెత్తాడు.

"మొత్తంగా ఊడదీయండి సార్," అంది ఆమె. "స్క్రూ మాత్రం తిప్పొద్దు. బొట్టు చెదిరితే వీడు తప్పించుకుంటాడు."