రెండో నోరు

1969 జూన్‌లో మా అశోక్‌నగర్ వీధిలో సాయంత్రం ఐదు కాకముందే తలుపులు మూసేసేవాళ్లు. ప్రత్యేక రాష్ట్రం కోసం అల్లర్లు, కర్ఫ్యూ. మా ఆవిడ అన్నపూర్ణని తెనాలి పంపించేసి, కింది వాటాలో నేనొక్కణ్నే ఉండేవాణ్ని. మేడమీద విఠల్, అతని చెల్లెలు అరుంధతి. విఠల్‌కి నారాయణగూడలో ఓ ప్రెస్సులో ఉద్యోగం. కోస్తావాణ్నని వీధిలో కొందరు నాతో మాటలు మానేసినా, అతను మాత్రం పాలు దొరికిన రోజున సగం నాకు తెచ్చి ఇచ్చేవాడు.

అరుంధతి నూనెరంగులతో బొమ్మలు వేసేది. కడుపులో కిటికీ ఉన్న ఆడవాళ్లు, కొమ్మలకి వేలాడే చెవులు. ఇంత ఊహ ఎలా వస్తుందమ్మా అని ఒకసారి అడిగితే, ఊహ కాదంది. కనబడిందే వేస్తానంది. నేను నవ్వాను.

ఆ ఎండాకాలం నుంచి ఆమె అన్నని తప్ప ఇంకెవర్నీ వెయ్యలేదు. అన్నీ వీపు వైపు నుంచే. ప్రతి బొమ్మలోనూ మెడ వెనక, జుట్టు కింద, ఒక నోరు. వాటిని నాకు చూపించి విఠలే నవ్వేవాడు.

ఆరోజు చీకటిపడే వేళ అతను కిందికి దిగి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"మూర్తి సార్, జర పైకి రాండ్రి. మూడు దినాల సంది చెల్లె తింటలేదు. మీరు చెప్తే వింటది."

మేడమీద టర్పెంటైన్ వాసన. దాని అడుగున ఇంకేదో... మురిగిన మాంసంలాంటి వాసన. కరెంటు లేదు. లాంతరు వెలుగులో కొత్త బొమ్మ తడిగా మెరుస్తోంది. అందులో ఆ నోరు తెరుచుకుని ఉంది.

అరుంధతి నావైపు చూడలేదు.

"అన్నా, జర కుర్చీల కూసో. ఒక్కపారి చూస్త. చూసినంక తింట," అంది గొంతు తగ్గించి.

అతను కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడి ఎడమచేత్తో అతని జుట్టు పైకెత్తింది. కుడిచేతిలో రంగు గీకే కత్తి ఉందని నేను గమనించేసరికి...

అది అతని మెడలో దిగిపోయింది.

దూకి ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాను.

"ఇడువుండ్రి సార్," అని గొణిగింది. "అది లేసింది."

ఆమె ఎడమచెయ్యి ఇంకా అతని మెడ మీదే ఉంది. కటుక్కున చప్పుడు. మళ్లీ... మళ్లీ... ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. దానికి బొటనవేలు తప్ప ఏమీ మిగల్లేదు.

విఠల్ రెండు చేతులతో పెదాలు గట్టిగా మూసుకుని ఏడుస్తున్నాడు. అయినా అరుపు వస్తూనే ఉంది. వెనక నుంచి.

నా పట్టు సడలింది. ఆమె పొడిచింది. పొడుస్తూనే ఉంది... అరుపు ఆగేదాకా. నెత్తురు గోడమీద, నా చొక్కామీద, నా పెదాల మీద. నేను ఆపలేదు. ఆపాలని అనిపించలేదు కూడా.

పొద్దున కర్ఫ్యూ సడలించాక పోలీసులు వచ్చారు. శవం మెడ మీద కత్తిపోట్లు తప్ప ఏమీ లేవు. పిచ్చెక్కి అన్నని చంపిందనీ, తన వేళ్లు తనే నరుక్కుందనీ నేను వాంగ్మూలం ఇచ్చాను. అరుంధతి నన్నొకసారి చూసింది. ఆమెని పిచ్చాసుపత్రికి తీసుకుపోయారు. గదంతా వెతికినా ఆ వేళ్లు దొరకలేదు.

నాలుగు రోజుల తర్వాత ఇన్‌స్పెక్టరు మా ఆఫీసుకి వచ్చాడు. నన్ను వరండాలోకి పిలిచి, శవపరీక్షలో వేళ్లు దొరికాయన్నాడు. విఠల్ కడుపులో.

నాలుగూ ఉన్నాయా అని అడిగాను.

ఆయన వరండాలో అటూ ఇటూ చూశాడు.

"ఏడు దొరికినయ్," అన్నాడు. "మూడు పసిపిల్లవి."