చివరి క్వార్టర్‌లో భోజనం

మణుగూరు అవతల, అడవిని ఆనుకుని ఉన్న గనుల కాలనీలో చివరి క్వార్టర్‌కి మంచి పేరు లేదు. ఎప్పుడో ఒక పరదేశపు ఇంజనీరు పండగ సెలవుల్లో అందులో ఒంటరిగా ఉండిపోయి, గుండె ఆగి పోయాడట. కాలనీ మొత్తం ఊళ్లకు వెళ్లింది కదా, ఎవరు చూస్తారు? సెలవులయ్యాక తలుపు పగలగొట్టారు. అప్పటినుంచి రాత్రిళ్లు లోపల కుర్చీ జరిపిన చప్పుడు వస్తుందని వాచ్‌మన్ బొజ్జయ్య ఒట్టేసి చెప్తాడు.

ఆ క్వార్టర్‌నే కొరియా సార్‌కి ఇచ్చారు. అసలు పేరుకి ఎవరి నోరూ తిరగదు. ఆయన బాగుచేయడానికి వచ్చిన గని మిషన్ నడిచేదాకా కదలడానికి వీల్లేదని కంపెనీ మాట. ఈసారి దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి. ముందూ వెనకా సెలవులు పెట్టుకుని అందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. ఆయన దేశంలోనూ అదే వారం పెద్ద పండగేనట. పోయినేడు ఆ పండగకే వాళ్లమ్మ పోయింది. వంట చేసే నాగలతకు సెల్లో ఫోటో చూపించి, "మదర్… నో" అని తల అడ్డంగా ఊపాడు. పాపం, అంతకుమించి చెప్పలేకపోయాడు.

ఆ సాయంత్రం చేపలు, కూరలు, అన్నం — నలుగురికి సరిపడా వండమన్నాడు. వండగానే "గో, గో" అని పంపేశాడు. అంత తిండి ఎవరికి? నాగలత మనసు కీడు శంకించింది.

రాత్రి కరెంటు పోయింది. సన్నటి జల్లు. ఆమె ఉండే రేకుల ఇంటి నుంచి చూస్తే… చివరి క్వార్టర్ తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల మినుకుమినుకుమని వెలుగు.

"పోకు బిడ్డా," జల్లుకు చూరు కింద చేరిన బొజ్జయ్య గొంతు తగ్గించాడు. "అది పిలుస్తాంది."

"మనిషి ఉన్నడో పోయిండో చూడొద్దా తాతా?"

కొంగు తలమీద కప్పుకుని వెళ్లింది.

"సార్…" అని పిలుస్తూ గడప దాటింది. ముందుగదిలో కొవ్వొత్తులు, బల్ల నిండా తను వండినవే. పడగ్గదిలోకి వెళ్లింది. మంచం ఖాళీ. పైన ఫ్యాను వంక చూడ్డానికి ధైర్యం చాల్లేదు… అయినా చూసింది. ఏమీ లేదు.

అప్పుడే — టక్. ముందు తలుపు మూసుకుంది.

పరుగెత్తుకొచ్చి లాగింది. రాలేదు. బయట గొళ్లెం పడింది. వెనక తలుపుకి తాళం, తాళంచెవి తన ఇంట్లో. కిటికీలకు ఊచలు. అరిస్తే లోపల ఇంకేదైనా వింటుందేమోనని నోరు నొక్కుకుంది.

బల్ల వంక అప్పుడు సరిగ్గా చూసింది. గిన్నెల వెనక ముసలామె ఫోటో. దాని ముందు గిన్నెడన్నం, అందులో నిలువుగా గుచ్చిన చెంచా. ఎవరో కూర్చోబోతున్నట్టు కుర్చీ వెనక్కి లాగి ఉంది.

పెద్దల అమావాస్యకు తనూ పెడుతుంది. ఇది పోయినవాళ్ల భోజనం. వాళ్లు వచ్చే వేళ… తను లోపల ఉంది.

బయట ఎవరో దగ్గారు. ఆగి, మళ్లీ దగ్గు. గొళ్లెం కదిలింది.

నల్ల సూటులో, తడిసి ముద్దయి, కొరియా సార్! తలుపు తెరిచిపెట్టి, కాలనీ గేటు దాకా వెళ్లి తల్లిని పిలిచి, ఆమె తినేంతసేపూ తలుపు మూసి బయట నిలబడి, దగ్గి లోపలికి రావడం వాళ్ల పద్ధతట. ఖాళీ ఇంట్లోంచి ఎవరో తలుపు లాగడం ఆయనా విన్నాడు.

కుర్చీ పక్కన, తలమీద కొంగుతో నిలబడ్డ ఆడమనిషిని చూశాడు. మోకాళ్ల మీద కూలబడి, నుదురు నేలకానించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

'నేను సార్, నాగలతను' అందామనే ఆమె నోరు తెరిచింది. కానీ చెయ్యి దానంతటదే ఆయన తలమీదికి వెళ్లింది.

"నేను తిన్న బిడ్డా," అన్నది. "ఇగ నువ్వు తిను."