కుట్టుమిషన్ పాట

"చెవులు మూసుకునేదానివి సౌండు డబ్బాల ముందలనే ఎందుకు నిలబడ్డవ్?"

యామిని ఉలిక్కిపడి చేతులు దించింది. డీసీఎం వ్యాన్ మీద నుంచి ఒక అబ్బాయి వంగి చూస్తున్నాడు. మెడలో హెడ్‌ఫోన్, ముందు ల్యాప్‌టాప్. వ్యాన్‌కు కట్టిన బ్యానర్ మీద 'డీజే జగదీశ్, గద్వాల' అని పెద్ద అక్షరాలు, పక్కన అతని ఫొటో. ఫొటోలో నల్ల కళ్లద్దాలున్నాయి. మనిషికి లేవు.

ఆ రోజు గోపాల్‌పేటలో యామిని అక్క సౌందర్య పెళ్లి. ఊరేగింపులో కుర్రాళ్లంతా వ్యాన్ ముందు ఎగురుతున్నారు. యామిని డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చినా, నలుగురిలో మాట్లాడాలంటే జంకుతుంది. కానీ ఆ రోజు ఎందుకో నోరు జారింది.

"మీ పాటలన్నిట్ల ఒక్కటే డప్పు."

"ఏంది?"

"పాటలు మారుతున్నయి గానీ డప్పు మారుతలేదు. మొన్న ఆటోల గదే. మా ఎదురింటి పిల్లగాని ఫోన్ల గదే."

జగదీశ్ సౌండ్ తగ్గించాడు. "ఏమైందన్నా?" అని కుర్రాళ్లు అరిచారు.

"నువ్వేమన్న మ్యూజిక్ టీచరా?"

"కాదు."

"మరి?"

"చెవులున్నయి. గంతే."

అంతలో వెనక కారు అద్దం దించి సౌందర్య తల బయటపెట్టింది. "జగదీశన్నా! నేను వాట్సాప్‌ల పంపిన పాట ఇంకెప్పుడు పెడ్తవ్? నా పెళ్లి అయిపోయినంకనా?"

"అక్కా, వద్దే!" అంది యామిని. ఎవరికీ వినపడలేదు.

పాట మొదలైంది. ముందు సౌందర్య కుట్టుమిషన్ తొక్కిన చప్పుడు. ఆగి, మళ్లీ మొదలై, ఒక వరుసలో పడింది. దాని కింద బోరు మోటారు గుర్రుమంది. రేకుల తలుపు కిర్రుమనే చప్పుడు తాళంలా తిరిగి తిరిగి వచ్చింది. ఎక్కడో దూరంగా వాళ్లమ్మ కోళ్లను పిలుస్తోంది. ఆ పిలుపు పల్చనై, ఇంకా పల్చనై పోయింది. డప్పు లేదు. మాటలు లేవు.

"ఏందన్నా ఇది, టైలర్ షాపా?" అన్నాడొకడు. అందరూ పగలబడి నవ్వారు.

యామిని షామియానా గుడ్డ వెనక్కి జారుకుంది. జగదీశ్ మాత్రం పాట ఆపలేదు. చివరిదాకా పెట్టాడు. కారులో సౌందర్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

భోజనాల వేళ అతను వెతుక్కుంటూ వచ్చాడు. యామిని నీళ్ల డ్రమ్ముల పక్కన ఒక్కతే కూర్చుని ఉంది.

"గా పాట నీదేనంట గదా? దేంట్ల చేసినవ్?"

"ఫోన్ల. ఊకెనే, పైసల్లేకుండ వస్తది గదా, ఒక యాప్."

"గదే యాప్ మొదట్ల నేను గూడ వాడిన. దాంట్ల గిసొంటి సౌండ్లు యాడియి?"

"దాని సౌండ్లు డౌన్‌లోడ్ కాలే. నా ఫోన్ల జాగ లేదు. గందుకే ఇంట్ల ఉన్న చప్పుళ్లే పట్టిన."

జగదీశ్ నవ్వబోయి ఆగిపోయాడు.

"నా దగ్గర వేల సౌండ్లున్నయి. అందరి దగ్గర గవ్వే ఉన్నయి. ఫోన్ ఉన్నోడల్లా డీజే అయితుండు. వేలు పెడ్తె పాట తయారు. నువ్వన్నది నిజమే, డప్పు ఒక్కటే. నాకు తెల్వదనుకున్నవా?"

తర్వాత అతను ఆ పాట గురించే మాట్లాడాడు. మోటారు ఎక్కడ కలిసిందో, పిలుపు ఎక్కడ సన్నగిల్లిందో అన్నీ చెప్పాడు. "గా తలుపు చప్పుడు జర ఆలస్యంగ వస్తది సూడు. గాడ నా పాణం ఆగింది" అన్నాడు. చేతిలో ప్లేటులో అన్నం ఆరిపోయింది.

తన గురించి ఎవరైనా అంతసేపు మాట్లాడడం యామినికి అదే మొదటిసారి.

*

సౌందర్య అత్తగారి ఊరు బిజినేపల్లి పోయింది. కుట్టుమిషన్ కూడా ఆమె వెంటే పోయింది. మిషన్ కాళ్లు ఆనిన చోట గచ్చు మీద గుర్తులు మిగిలాయి. అమ్మ తెల్లారకముందే పత్తి చేనుకు పోయేది. నాన్న లారీ ఎక్కితే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. కాలేజీ నుంచి వచ్చి తాళం తీస్తే యామినికి తన చెప్పుల చప్పుడే వినిపించేది.

సాయంత్రం మాత్రం ఫోన్ మోగేది. పెళ్లినాడే జగదీశ్ నంబరు తీసుకున్నాడు.

"గిది ఏం సౌండో చెప్పు" అని జగదీశ్ ఫోన్‌ను దేనికో దగ్గరగా పెట్టేవాడు.

"బోరు మోటరు."

"కాదు, మా నాయిన గురక!"

యామిని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇంట్లో వినేవాళ్లు ఎవరూ లేకపోయినా సరే.

"మా నాయిన మగ్గం నేస్తుంటే నేను చెవులల్ల హెడ్‌ఫోన్ పెట్టుకునేటోణ్ణి" అన్నాడొకసారి. "నీ పాట విన్నంక తీసేసిన."

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం అతను యామిని కాలేజీ ఉన్న వనపర్తిలో బస్టాండుకు వచ్చాడు. ఉన్నది ఒక్క గొడుగు. ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. అందుకని ఇద్దరికీ చెరో భుజం తడిసింది.

"జర దగ్గరికి రారాదు? గొడుగు నాదే, వాన నాది కాదు."

"ఫర్వాలేదు. నాకు తడుసుడు అలవాటే."

అతను జేబులోంచి చిన్న మెమరీ కార్డు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "నా సౌండ్లన్నీ దీంట్ల ఉన్నయి. ఏమీ లేకుంటెనే గంత పాట చేసినవ్. ఇవన్నీ ఉంటె ఏం చేస్తవో సూడాలె."

బస్సు కదిలేదాకా ఆమె పిడికిలి విప్పలేదు.

కార్డులో వయొలిన్లున్నాయి, వేణువులున్నాయి, గుండె అదిరే డప్పులున్నాయి. వేలు పెడితే చాలు, దేని చోట్లో అది పడింది. మొదటి పాటకు నెల పైగా పట్టింది. ఈ కొత్త పాట ఒక్క పూటలో అయిపోయింది. యామిని మురిసిపోతూ పంపింది.

జవాబు మరుసటి రోజు వచ్చింది. 'సూపర్' అని ఉంది. పక్కన చప్పట్లు కొట్టే బొమ్మ.

ఆ సాయంత్రం ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. యామిని మిషన్ గుర్తుల పక్కన కూర్చుని ఆ చప్పట్ల బొమ్మనే చూసింది. విసుగొచ్చిందేమో అనుకుంది. నాలాంటి దానితో రోజూ ఎవరు మాట్లాడతారు అనుకుంది. ముందు ఒంటరిగా ఉండడం వేరు. ఫోన్ మోగడం అలవాటయ్యాక ఒంటరిగా ఉండడం వేరు.

*

యామిని దిగులుగా ఉందని సౌందర్య కనిపెట్టి బిజినేపల్లికి పిలిపించుకుంది. ఆ సాయంత్రమే పక్క వీధిలో ఎవరిదో ఓణీల ఫంక్షన్. సౌందర్య కిటికీలోంచి చూసి ముసిముసిగా నవ్వింది.

"మీ డీజే వచ్చిండే."

"మా డీజే ఏంది!"

"మరి మొఖం ఎందుకు గట్ల ఎర్రగైంది? పో, అడిగిరా. ఈడ కూసోని ఏడ్సుడు ఎందుకు?"

జగదీశ్ వ్యాన్ పక్కన వైర్లు చుడుతున్నాడు. యామిని ఎదురుగా నిలబడింది. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ మరిచిపోయింది. ఒక్కటే మిగిలింది.

"సూపర్ అంటె ఏంది?"

అతను తలెత్తాడు. వైరు చుట్టడం ఆపాడు.

"బాలేదు" అన్నాడు.

"ఏంది?"

"నీ కొత్త పాట బాలేదు. చెప్తె నువ్వు మళ్ల మాట్లాడవేమో అని భయమైంది. గందుకే సూపర్ అన్న. అన్నంక నీకు ఫోన్ చేయనీకె మొఖం చెల్లలే."

యామిని కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో ఏమో తెలియలేదు. విసుగొచ్చి కాదు, భయపడి మానేశాడు. అది మాత్రం అర్థమైంది.

"మొదటి పాటల మీ ఇల్లుండె" అన్నాడు జగదీశ్. "దీంట్ల నేనున్న. నా సౌండ్లు, నా డప్పు. తప్పు నీది కాదు, గా కార్డు ఇచ్చిన నాది. నా లెక్క చేసేటోళ్లు మా గద్వాలల గల్లీకొకడున్నడు. నీ లెక్క ఎవ్వరు లేరు యామినీ. నాకైతే లేరు."

"మరి దేంతోటి చెయ్యాలె?" అంది యామిని. "అక్క పోయింది. మిషన్ పోయింది. ఇంట్ల ఇప్పుడు చప్పుడే లేదు. నీ ఫోన్ గూడ లేకపాయె."

 అతను వైరు చుట్ట కింద పెట్టాడు.

"గా లేనిదే పంపు" అన్నాడు చివరికి.

"ఏం లేనిది ఎట్ల పంపుత?"

"పంపు. నేను వింట."

గోపాల్‌పేటకు తిరిగొచ్చాక యామిని ఫోన్‌ను గచ్చు మీద పెట్టి రికార్డు నొక్కింది. ఏమీ చేయకుండా దాని పక్కన కూర్చుంది. ఏదీ కలపలేదు, ఏదీ కోయలేదు. అలాగే పంపింది.

చీకటి పడకముందే ఫోన్ మోగింది.

"విన్న" అన్నాడు జగదీశ్. "ఫ్యాన్ తిరుగుతుంది. అవతల ఎవరో బిందె దించిండ్రు. తర్వాత శానాసేపు ఏం లేదు."

"చెప్పిన గదా, ఏం ఉండదని."

"ఉంది. ఆఖరికి, ఆపే ముందు, నువ్వు ఊపిరి తీసుకున్నవ్. ఏదో అనబోయి ఆగినవ్. ఏంది గది?"

 అంత చిన్న చప్పుడు చేసినట్టు యామినికే తెలియదు. బయట రేకుల మీద వాన మొదలైంది. ఇప్పుడు కూడా చెప్పకపోతే అతను ఫోన్ పెట్టేస్తాడు. మళ్లీ ఫ్యాన్, మళ్లీ గోడ.

"నువ్వు ఈడ ఉంటె మంచిగుంటుండె అని" అంది.

ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఉన్నవా?"

"ఉన్న. వాన చప్పుడుల సగమే ఇనొచ్చింది. మళ్ల చెప్పు."

"అబద్ధం. మొత్తం విన్నవ్."

"విన్న. ఐనా చెప్పు."

"రికార్డు చేస్తున్నవా?"

"లేదు. ఒట్టు. గిది ఎవ్వరికి వినిపియ్య."

యామిని ఫోన్‌ను నోటికి ఇంకా దగ్గరగా జరుపుకుని, ఈసారి ఆగకుండా చెప్పింది.