ఇరవై రెండు నిమిషాల ముందు మోగిన నగారా

ఆ ఆదివారం మధ్యాహ్నం నా గదిలో కూర్చుని మా అబ్బాయి ఇల్యూషాకి ఉత్తరం రాస్తున్నాను. మా చిన్న యుద్ధనౌక కాకసస్ తీరానికి దగ్గర్లో లంగరు వేసి మూడు రోజులైంది. మూడు రోజులూ పొగమంచే. పిల్లలిద్దరూ నికొలాయెవ్‌లో వాళ్ళమ్మ దగ్గరున్నారు. నేను వాళ్ళని పెంచేదంతా ఉత్తరాల్లోనే. ఉన్ని మేజోళ్ళు వేసుకో. చెల్లెలి పాలమీగడ నువ్వు తినెయ్యకు. మంచు చప్పరించకు, గొంతు పట్టేస్తుంది. రాసిందే రాస్తానని మా ఆవిడ విసుక్కుంటుంది. అయినా రాస్తాను.

వసంతంలో వాణ్ణి నౌకాదళ పాఠశాలలో చేర్చాలి. దరఖాస్తులో ఇంటిపేరు చూడగానే గుమాస్తా తలెత్తి, "ఆ లదీజిన్లేనా?" అంటాడు. నన్నూ అలాగే అడిగారు.

మా నాన్న అవెర్యాన్ లదీజిన్ ఒక పెద్ద ఓడకి కెప్టెన్. ఒక పొగమంచు ఉదయం తురుష్కుల ఓడలు చుట్టుముడితే, రెండు వందలమంది ప్రాణాలు దక్కుతాయని జెండా దించాడు. ఎవరి ముందూ దించకూడదన్నది మా నౌకాదళం పుట్టినప్పటి చట్టం. నాన్న చెరలోనే పోయాడు. తర్వాత ఆ ఓడ మళ్ళీ మావాళ్ళ చేతికి చిక్కితే తగలబెట్టేశారు. ఆ పేరు ఇంకే ఓడకీ పెట్టకూడదన్నారు. నేనూ ఇక్కడ రాయను.

పాఠశాలలో నన్ను 'తెల్లగుడ్డ' అనేవాళ్ళు. నాతో చదివినవాళ్ళు పెద్ద పెద్ద ఓడలు నడుపుతున్నారు. నాకు నలభై రెండో ఏట ఈ పద్నాలుగు ఫిరంగుల ఓడ దక్కింది. గౌరవంగా పిలిచే ప్రతివాడూ నా పేరుకి తండ్రి పేరు తగిలించి, "నికానోర్ అవెర్యానొవిచ్" అంటాడు. రోజుకి నలభైసార్లు వింటాను.

తలుపు తట్టి సరంగు ఫోకా వచ్చాడు. అరవై దాటినవాడు. ఆ రోజు నాన్న ఆజ్ఞ మీద జెండా తాడు వదిలింది వీడి చేతులే. ఆ సంగతి దళమంతటికీ తెలుసు. మా ఇద్దరి మధ్య మాత్రం ఎప్పుడూ రాలేదు.

"దొరగారూ, పొగమంచు తగ్గలేదు. క్యాబేజీ చారూ తగ్గలేదు. నాలుగో రోజూ అదే కాచాడు ఆ వంట వెధవ."

"ఏడుస్తూ తాగు ఫోకా. ఉప్పు కలిసొస్తుంది."

వాడు నవ్వబోయాడు. అప్పుడే సముద్రం వైపు నుంచి నగారా మోగింది.

లంగరు వేసిన చోట సూర్యాస్తమయానికి జెండా దించుతాం. అందులో అవమానం లేదు. పెద్ద ఓడ నగారా మోగిస్తే చిన్న ఓడలన్నీ దాన్ని అనుసరించాలి. మా దళంలోని పెద్ద ఓడలు వస్తాయని మూడు రోజులుగా ఎదురుచూస్తున్నాం కూడా. నేను పైకి వెళ్ళేసరికే ఇద్దరు నావికులు జెండా తాడు విప్పుతున్నారు.

"ఆగండి!"

జేబు గడియారం తీశాను. సూర్యాస్తమయానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. రోజుకి రెండుసార్లు సరిచూసుకునే గడియారం అది.

నగారా మళ్ళీ మోగింది. చివరి దెబ్బ ఒక్కటి… ఆలస్యంగా పడింది.

ఫోకా ముఖం సున్నంలా అయిపోయింది. "వాడు యెరోఫేయ్, దొరగారూ. మా పాత ఓడలో నగారా వాడు. ఎడమచేతివాటం. చివరి దెబ్బ ఎప్పుడూ తడబడేది…"

గాలి లేదు. అయినా వాసన వచ్చింది. కాలిన తారు. తడిసిన బొగ్గు. పొగమంచు చూస్తుండగానే నల్లబడింది. ఓడ మీది ఇసుక గడియారంలో పైగాజు ఖాళీ, వేళైపోయినట్టు. నావికుడొకడు శిలువ గుర్తు వేసుకుని, "పొద్దు గుంకింది, దొరగారూ… దించెయ్యండి" అని గొణిగాడు.

"నేను చూడలేదు గుంకడం."

నల్లటి ఓడ ఆకారమొకటి మా పక్కకి జరిగింది. తెరచాపల్లేవు. కొయ్యలన్నీ మొదలంటా కాలి ఉన్నాయి.

"నీకా…"

నన్నలా పిలిచిన మనిషి ఒక్కడే.

"దించు, నీకా. నేను కాపాడినవాడు నీ పక్కనే ఉన్నాడు. అడుగు, బతుకు చేదుగా ఉందా అని."

"చేదే, కెప్టెన్‌గారూ," ఫోకా గుసగుసలాడాడు. "ఇన్నేళ్ళూ చేదే." అంటూనే చేతులు ముందుకి చాచాడు. "అయ్యా… నా చేతులు చూడండి… నా మాట వినట్లేదు!"

వాడి చేతులు వాటంతటవే తాడు ముడి విప్పుతున్నాయి. నా మెడగుడ్డ లాగి వాటిని కట్టేశాను. తాడు నా ఎడమచేతికి నాలుగు చుట్లు చుట్టుకున్నాను. అవతలినుంచి ఎవరో లాగారు. ఎముక కటుక్కుమంది.

"ఒక్కణ్ణే ఉన్నానురా… మన ఇంట్లో ఇంకొకడు దించితే నాకు తోడుంటుంది. నువ్వు కాకపోతే… నీ తర్వాతివాడు…"

అంతవరకూ భయపడ్డాను. ఆ మాటతో భయం పోయింది.

"వాడి జోలికి రాకు! పొద్దెప్పుడు గుంకిందో ఈ ఓడలో నేను చెప్తాను. జెండా కావాలంటే చెయ్యి నరుక్కుని తీసుకెళ్ళు నాన్నా. నేను మాత్రం వదలను!"

తాడు ఇంకోసారి బిగిసింది. ఇంకోసారి… తర్వాత వదులైంది.

పొగమంచు చీలింది. సముద్రం మీద రెండు వేళ్ళెత్తున సూర్యుడు. గడియారం చూశాను. ఇంకా పందొమ్మిది నిమిషాలుంది. ఆ పందొమ్మిది నిమిషాలూ అలాగే నిలబడ్డాం. ఎర్రటి అంచు నీళ్ళలో మునిగాక, మా నగారా మోగించి, జెండా నా చేత్తో దించాను.

ఫోకా కట్లు విప్పాను. అరచేతులు మణికట్టుదాకా మసి. ఇసుకతో రుద్దినా పోలేదు. ఆ చలికాలం వాడు పోయాడు. చేతులకి తొడుగులు వేసి పాతిపెట్టాం.

ఇల్యూషా పాఠశాలలో చేరాడు. గుమాస్తా అడగాల్సింది అడిగాడట. "అవును, ఆ లదీజిన్లమే" అన్నాడట వీడు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఇవాళ బాల్టిక్ నుంచి వాడి ఉత్తరం వచ్చింది. "నాన్నా, పొగమంచులో లంగరు వేసి ఉండగా వేళకాని వేళ నగారా మోగింది. చివరి దెబ్బ ఆలస్యంగా పడింది. అందరూ దించమన్నారు. నేను దించనివ్వలేదు. కానీ నా చేతుల మసి పోవడం లేదు."

వెంటనే జవాబు రాశాను. "రుద్దకు, చర్మం లేస్తుంది. ఉన్ని మేజోళ్ళు వేసుకో. చేతులు దాచుకోకు. రేపు పొద్దున ఆ చేతులతోనే జెండా ఎగరెయ్యి."

వాడి ఉత్తరం మడవబోతూ దీపం దగ్గర పెట్టి చూశాను. అంచుల మీద రెండు మసి ముద్రలున్నాయి, అరచేయి మొత్తం పడింది.

రెండూ కుడిచేతివే. ఒకటి మావాడిది.