పేరిశాస్త్రి గారి తోడి

ఆ ఉదయం విజయనగరంలో కుక్కర్లన్నీ పంచమంలో కూశాయి. కూరలబండి కేక షడ్జమంలో పలికింది. చెత్తబండి హారన్ సైతం శ్రుతి తప్పలేదు. ఇదంతా వింతగా అనిపించడం మానేసి ముప్పై ఏళ్లయింది. పుట్టిన బిడ్డకి ఇరవయ్యొకటో రోజున చెవిపూస పెట్టేస్తున్నారు. ఆ పూసలోని శ్రుతిపాలిక వినవచ్చే ప్రతి శబ్దాన్నీ సరైన స్వరస్థానంలో కూర్చోబెట్టి మరీ లోపలికి పంపుతుంది. ఫిడేళ్లలో అదే, సభల్లో అదే, పాత రికార్డులను సర్దింది కూడా అదే.

దాన్ని సంగీతసభలకు తెచ్చిన సంఘంలో తొలి సంతకం ఆకెళ్ల భ్రమరాంబది. శాస్త్రీయ సంగీతానికి ఇక మచ్చ ఉండదని ఆనాడు ఆవిడ ఎంత మురిసిపోయిందో! ఇప్పుడు డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో, తన ఇంటి హాల్లో, ఆ సంతకం సంగతి గుర్తొచ్చి తల దించుకుని కూర్చుంది.

ఎదురుగా ప్రభుత్వ స్మృతిశాల నుంచి వచ్చిన అధికారి వేమకోటి సుధన్వ ఉన్నాడు. వాద్యబాణీల్లో ఏవి బతికున్నాయో, ఏవి అంతరించాయో నమోదు చేయడం అతని పని. శ్రుతిపాలిక సాయం లేకుండా ఒక్కరైనా వాయించి చూపితే బాణీ బతికున్నట్టు. అందుకోసం అతను పచ్చిపెట్టె తెచ్చాడు. శబ్దాన్ని ఏ దిద్దుబాటూ లేకుండా ఉన్నదున్నట్టు పట్టే పెట్టె అది. భ్రమరాంబ గురువు పేరిశాస్త్రి గారి ఫిడేలు వాదనం దిద్దుబాటుకు చిక్కకుండా ఒకే ఒక్క క్యాసెట్టులో మిగిలింది. దానితో పోల్చి చూడాలి. సాయంత్రం అయిదుకి గడువు.

పేరిశాస్త్రి గారి ఉంగరపు వేలు చిన్నప్పుడు రోటి కింద పడి బిగుసుకుపోయింది. అందుకని తోడి రాగంలో ఆ వేలు పడవలసిన మధ్యమాన్ని, పక్క వేలితో గాంధారం దగ్గర్నుంచి ఈడ్చుకెళ్లి అందుకునేవారు. స్వరం రవ్వంత ఆలస్యంగా, రవ్వంత కిందుగా చేరేది, ఏడుపు దిగమింగుకుని మాట్లాడినట్టు. శిష్యులు వెర్రిబాగులవాళ్లు, నిక్షేపంలాంటి వేళ్లుండీ ఉంగరపు వేలు పైకెత్తి పట్టుకుని అలాగే వాయించారు. అలా అవిటి వేలు కాస్తా బాణీ అయి కూర్చుంది. భ్రమరాంబకి ప్రాణసమానమైన సంగీతం అదే.

సుధన్వ చెప్పగానే అందరూ చెవిపూసలు తీశారు. భ్రమరాంబ శిష్యులు ఏడుగురూ ఫిడేళ్లలోని శ్రుతిపాలికను ఆపి ఒకరి తర్వాత ఒకరు వాయించారు. ఆవిడ వాళ్ల చేతివాటాన్ని నిజంగా వినడం అదే మొదటిసారి. ఈడ్పు సంగతి దేవుడెరుగు, మధ్యమమే ఎక్కడుందో వాళ్ల వేళ్లకి తెలియదు. ఇన్నేళ్లూ వాయించింది వాళ్లు కాదు, యంత్రం. ఇక లాభం లేదని తనే ఫిడేలు అందుకుంది. కీళ్లవాతంతో బిగిసిన వేళ్లు తీగ మీద కదలనే లేదు.

సుధన్వ నొచ్చుకుంటూనే నమోదు పత్రంలో 'అంతరించింది' అన్న గడిలో టిక్కు పెట్టబోయాడు. అప్పుడు పెద్ద శిష్యురాలు లలితాంగి నసుగుతూ ఒక మాట చెప్పింది. మజ్జి ఇందీవర వాయించే బృందాన్ని తాను చాటుగా వింటూ ఉంటాననీ, ఆ హోరులో తోడి వచ్చినప్పుడు మరోలా ఉంటుందనీ.

ఒకప్పటి శిష్యురాలు ఇందీవర పేరు ఆ ఇంట్లో పలికి ఆరేళ్లయింది. ఫిడేలు పట్టిన చేత్తో ఇనుప రొద చేస్తావా అని భ్రమరాంబే గడప దాటించింది. ఇప్పుడు ఆవిడే, మరి పదండి అని లేచింది. ఫిడేళ్లతో సహా శిష్యులంతా వెంట నడిచారు.

విశాఖ రేవులో మూతపడిన ఐసు ఫ్యాక్టరీ 'ఉక్కుగొంతు' బృందానికి సాధన చోటు. లోపలికి అడుగు పెడుతూనే హెవీ మెటల్ హోరు ఆవిడ గుండెల మీద పడింది. చెవులు మూసుకోబోయి, గిటారు మీద చూపు పడి ఆగిపోయింది. ఇందీవర ఎడమచేతి ఉంగరపు వేలు పైకి లేచి ఉంది.

గురువుగారిని చూసి ఇందీవర వాద్యం ఆపేసింది. సుధన్వ సంగతంతా చెప్పి, ఈ రొదలో తోడి ఎలా దూరిందని అడిగాడు. హెవీ మెటల్‌కి శాస్త్రీయ సంగీతం కొత్త చుట్టం కాదట. పడమటి ఫిడేలు విద్వాంసుల వేగమూ చర్చి ఆర్గన్ గాంభీర్యమూ ఏనాడో గిటారులోకి వచ్చి చేరాయట. తాను మన ఇంటి తోడిని తెచ్చి కలిపిందట, అంతే. పైగా ఈ గరగరలో స్వరం ఏదో శ్రుతిపాలికకి అంతుపట్టదు. రొద అని ముద్ర వేసి, ముట్టుకోకుండా వదిలేస్తుంది.

"ఫిడేలైతే తప్పు కాసీసీది అమ్మగోరూ," అంది ఇందీవర. "దీన్లో నా తప్పు నాకే ఇనిపించీసీది. మీ కాడ నేర్సినపుడు సెవిని నమ్మనేదు. మీ యేళ్లు ఎలా ఎల్లీవో అలాగే ఎల్లీదాన్ని."

భ్రమరాంబ వాయించమని సైగ చేసింది. గిటారు గర్జించింది. ఆ గర్జనలోంచి గాంధారం కదిలి, బరువుగా ఈడ్చుకుంటూ వెళ్లి, ఆలస్యంగా, కిందుగా మధ్యమాన్ని తాకింది. ఆవిడ కళ్లు నిండిపోయాయి. నలభై ఏళ్ల క్రితం పోయిన మనిషి ఐసు ఫ్యాక్టరీలో పలికాడు. తన శిష్యురాలి చేత పలికాడు. ఆ గర్వం ఆవిడ ఒంట్లో పట్టలేదు.

పచ్చిపెట్టె తెర మీద క్యాసెట్టు గీతా, గిటారు గీతా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సుధన్వ మాత్రం కలం పట్టుకుని తటపటాయించాడు. ఫిడేలు బాణీని గిటారు పేరిట, అందులోనూ రొద పేరిట ఎలా రాయడమని అతని బెంగ.

"రాయి నాయనా," అంది భ్రమరాంబ. "వాద్యం గిటారు. సంగీతం హెవీ మెటల్. బాణీ పేరిశాస్త్రి గారిది. బతికే ఉంది. దీన్ని గెంటేసింది నేనని కూడా రాయి, నాకేం నామోషీ లేదు."

ఆ చివరి మాటకి గడి లేదని సుధన్వ మొదటిసారి నవ్వాడు.

ఆవిడ శిష్యుల వైపు తిరిగింది. రేపటి నుంచి పాఠం ఇక్కడేననీ, చెవిపూసలు ఇంట్లో పెట్టి రమ్మనీ, గురువు ఇందీవరేననీ చెప్పింది. రేపటిదాకా ఎందుకని లలితాంగి అప్పుడే ఫిడేలు తీసింది. తక్కిన వాళ్లూ తీశారు. ఏడు ఫిడేళ్లు ఏడు దారుల్లో పోయాయి. చెవిపూసలకీ లొంగని ఆ గోలకి, బయట వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు ఏమైందోనని గుమ్మంలోకి వచ్చి చూశారు.

ఇందీవర ఒక మాట అనబోయి, ఇబ్బందిగా గురువుగారి ముఖంలోకి చూసింది. ముప్పై ఏళ్లుగా రాష్ట్రంలో ఏ సంగీతం పాఠంలోనూ ఎవరూ అనని మాట అది. అనవలసిన అవసరమే యంత్రం రానివ్వలేదు. భ్రమరాంబ అనమన్నట్టు తల ఊపింది.

"తప్పు," అంది ఇందీవర. "మళ్లీ."

లలితాంగి ముఖం ఎర్రబడింది. తర్వాత ఉంగరపు వేలు పైకెత్తి మళ్లీ మొదలుపెట్టింది. భ్రమరాంబ ఒక ఐసు పెట్టె మీద కూర్చుని వింటోంది.